ఎర్రమట్టి ఎక్కడిది?

మా ఆయన వెండెల్ నాతో ఇరవై ఎనిమిదేళ్ళు అబద్ధం ఆడాడు. వేరే ఆడదాని గురించో, తాగుడు గురించో అయితే నలుగురిలో చెప్పుకుని ఏడవడానికైనా ఉండేది. ఆయన దాచింది ఎల్క్ అనే పెద్ద కొండ దుప్పి వేటకు ఏ చోటికి వెళ్తున్నాడన్న సంగతి. మా ఊళ్ళో ఈ మాట చెబితే ఒక్కరూ అయ్యో అనరు. "అదేంటి, వేట చోటు పెళ్ళానికి చెప్పేస్తారా ఎవరైనా?" అంటారు. ఆడవాళ్ళు కూడా అంటారు. అది తలుచుకుంటేనే నాకు ఒళ్ళు మండిపోతుంది.

మా కొలరాడో కొండల్లో ఇదొక పద్ధతి. పక్కింటివాడికి తుపాకి అరువిస్తారు, బండి ఇస్తారు, వాడి ఇల్లు కాలిపోతే తమ గది ఖాళీ చేసి ఇస్తారు. ఎల్క్‌ని ఎక్కడ కొట్టావని అడిగితే మాత్రం కళ్ళల్లోకి చూస్తూ నిక్షేపంలా అబద్ధం చెబుతారు. అడిగినవాడికీ అది అబద్ధమని తెలుసు. మర్యాదకు అడుగుతాడు, వీళ్ళు మర్యాదకు చెబుతారు, ఇద్దరూ నవ్వుకుని కాఫీ తాగుతారు. నా పేరు ఆర్డిత్. ఇరవై మూడేళ్ళుగా ఈ ఊళ్ళో బడి బస్సు నడుపుతున్నాను. ఈ తంతు పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదాన్నే గానీ, అది నా వంటింటి దాకా వచ్చిందని నాకు తెలియలేదు.

పోయిన నవంబరులో వెండెల్ చనిపోయాడు. వేట నుంచి తిరిగొచ్చిన రెండు వారాలకు పెరట్లో కట్టెలు కొడుతూ కూలబడ్డాడు, అంతే. ఏప్రిల్‌లో నేను ఆడ ఎల్క్ పర్మిట్‌కి దరఖాస్తు పెట్టాను. జూన్‌లో వచ్చేసింది. అక్టోబరులో ఐదు రోజులు, ఒక్క ఎల్క్. మా ఊరి చుట్టూ ఉన్న కొండలన్నీ ఆ పర్మిట్ కిందికే వస్తాయి. ఈ చివర నుంచి ఆ చివరకు బండిలో రెండు గంటలు పడుతుంది.

తుపాకి నాకు కొత్త కాదు. పెళ్ళికి ముందు మా నాన్నతో కలిసి జింకల్ని కొట్టినదాన్నే. గైడు అక్కర్లేదు, తోడు అక్కర్లేదు. కానీ నేను వెళ్ళాలనుకున్నది ఏదో ఒక చోటికి కాదు. ఏటా వెండెల్ నన్ను ఇంట్లో వదిలేసి ఎక్కడికి వెళ్ళేవాడో అక్కడికే వెళ్ళాలి. ఆయన కూర్చున్న చోట ఒక్కసారైనా కూర్చోవాలి. బతికున్నప్పుడు తీసుకెళ్ళమని ఎన్నిసార్లు అడిగానో. "చలికి తట్టుకోలేవు" అనేవాడు. జనవరిలో తెల్లారకుండానే మంచు గీకి బస్సు ఇంజను వేడి చేసుకునేదాన్ని నేను! నాకా చలి గురించి చెప్పేది?

ఆయన చోటు నాకు తెలుసనే అనుకున్నాను. వెళ్ళే ముందు ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద కాగితం పెట్టేవాడు. "రంపం మిల్లు వాగు, పై మలుపు. ఆదివారం సాయంత్రానికి వస్తా." వేటకు పోయే ప్రతి ఇంట్లోనూ ఈ కాగితం ఉంటుంది. మనిషి రాకపోతే వెతికేవాళ్ళు దాన్ని చూసే బయల్దేరతారు. బయట ఎన్ని కోతలు కోసినా ఆ ఒక్క కాగితం మీద నిజం రాయాలి. ప్రాణానికి సంబంధించిన సంగతి కదా అని అందరూ రాస్తారు.

సెప్టెంబరులో మా మరిది డెల్మర్ వచ్చాడు. వెండెల్‌కి ఒక్కడే తమ్ముడు, భార్య వదిలేసి వెళ్ళిపోయాక వారానికి రెండుసార్లు మా ఇంట్లోనే తిండి.

"ఏంటి వదినా, నిజంగానే వెళ్తావా? ఈ వయసులో ఎందుకు నీకీ గోల?"

"నాకు యాభై ఆరు, నీకు యాభై ఎనిమిది. నువ్వు మానేస్తున్నావా?"

"నా సంగతి వేరు. పోనీ ఒక గైడుని పెట్టుకో. గుర్రం మీద కూర్చోబెట్టి తీసుకెళ్తాడు. ఇదిగో ఇక్కడ కాల్చండి మేడమ్ అంటాడు. ఫొటో కూడా తీస్తాడు."

"ఫొటోకి దువ్వెన కూడా ఇస్తాడా?"

డెల్మర్ నవ్వి, రెండో ముక్క ఆపిల్ కేకు తన ప్లేట్లోకి తోసుకున్నాడు.

"సరే, నీ ఇష్టం. వెళ్ళేదుంటే రంపం మిల్లు వాగుకే వెళ్ళు. అన్నయ్య చోటు. వేటకు నేనెప్పుడూ అటు పోలేదు, అన్నయ్య చోటు అన్నయ్యదే. నువ్వెళ్తే అన్నయ్య ఆత్మ సంతోషిస్తుంది."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మిగిలిన కేకు కూడా కాగితంలో చుట్టి ఇచ్చి పంపాను. ఎంత వెర్రిదాన్నో చూడండి.

అతను వెళ్ళాక వెండెల్ బండిలో నుంచి మ్యాపు తెచ్చి వంటింటి బల్ల మీద పరిచాను. వాగు పై మలుపు దగ్గర పెన్సిలుతో ఇంటూ గుర్తు ఉంది. సరిపోయింది అనుకున్నాను. ఇక ఆయన ఉన్ని ప్యాంటు నాకు సరిపడేలా పొట్టి చేసుకుందామని కింది గదిలోంచి తీశాను. పోయిన ఏడు వేట నుంచి వచ్చాక విప్పి సంచిలో పడేసింది, ఉతకడం నావల్ల కాక అలాగే ఉండిపోయింది. కాళ్ళ దగ్గర మడతలు విప్పగానే బల్ల మీద ఎర్రమట్టి రాలింది. వేలితో నలిపితే ఇటుక పొడిలా ఉంది. ఉన్నికి చదునైన గింజలు అంటుకుని ఉన్నాయి, గుడ్డలకు పట్టుకుంటే ఒకపట్టాన వదలని రకం. జేబులో ఓక్ పొద ఆకులు రెండు, ఎండిపోయి.

రంపం మిల్లు వాగు దగ్గర నేను ఏటా ఆగస్టులో అడవి పండ్లు కోస్తాను. అక్కడ మట్టి నల్లగా, బురదగా ఉంటుంది. చీకటి పట్టే స్ప్రూస్ చెట్లు తప్ప ఇంకేమీ మొలవదు. ఓక్ పొద ఒక్కటి చూపిస్తే నా బస్సు రాసిస్తాను.

కుర్చీలో కూర్చుండిపోయాను. ఇరవై ఎనిమిదేళ్ళు ఈ ఎర్రమట్టిని ఈ చేతులతోనే ఉతికాను. జంతువులకు వాసన తగలకూడదని సబ్బు కూడా వాడనివ్వకుండా సోడా పొడితో ఉతికించుకునేవాడు. పెళ్ళైన కొత్తలో ఒకసారి అడిగాను కూడా.

"ఈ ఎర్రమట్టి ఎక్కడిది?"

"రోడ్డుది" అన్నాడు. నమ్మేశాను.

అప్పుడు గుర్తొచ్చింది ఏడేళ్ళ కిందటి మంచు. ఆదివారం రావాల్సిన మనిషి రాలేదు. సోమవారం తెల్లారేసరికి నడుం లోతు మంచు. నేను ఫ్రిజ్ మీది కాగితం తీసుకెళ్ళి వెతికేవాళ్ళ చేతిలో పెట్టాను. పద్నాలుగు మంది ఊరివాళ్ళు పనులు మానుకుని రంపం మిల్లు వాగు దగ్గర రెండు రోజులు తిరిగారు. దారి చూపించింది డెల్మర్. మంగళవారం మధ్యాహ్నం మా బస్సు షెడ్డు మెకానిక్ ఓరిన్ కాలి కింద మంచు పలక విరిగి వాగులో పడ్డాడు. చలికి చచ్చుబడి కాలి వేళ్ళు రెండు తీసేయాల్సి వచ్చింది. బుధవారం మధ్యాహ్నం వెండెల్ తనంతట తానే వచ్చి, "క్యాంపు కొంచెం మార్చాను" అని నవ్వాడు. నేను ఏడుస్తూ కావలించుకున్నాను.

కొంచెం మార్చడం కాదు, అసలు అక్కడ లేనే లేడు. ఆ కాగితం మీద కూడా అబద్ధమే రాశాడు. కాలు విరిగి పడి ఉంటే? నేను పంపిన మనుషులు వేరే లోయలో అరుస్తూ ఉండేవాళ్ళు, ఆయన ఇంకెక్కడో బిగుసుకుపోయేవాడు. జీవితాంతం నా తప్పేనని ఏడ్చేదాన్ని. చచ్చిపోయిన మనిషి మీద అంత కోపం వస్తుందని నాకు తెలియదు. ప్యాంటు తీసి గోడకేసి కొట్టాను.

మర్నాడు డెల్మర్ ఇంటికి వెళ్ళాను. గొట్టం పెట్టి పికప్ బండి కడుగుతున్నాడు. పొరపాటున కూడా బండి కడిగే మనిషి కాదు. ఏ పెళ్ళికో అనుకున్నాను.

"మీ అన్నయ్య వాగు దగ్గరికి వెళ్ళేవాడు కాదు డెల్మర్. ఎక్కడికి వెళ్ళేవాడు?"

గొట్టం అతని చేతిలోంచి జారి బూట్ల మీద నీళ్ళు పడ్డాయి. "నాకేం తెలుసు వదినా? నాకు చెప్పేవాడా? మా అమ్మ మీద ఒట్టు!"

"ఎర్రమట్టి ఉన్న చోటు."

"కొండలన్నీ ఎర్రమట్టే కదా" అన్నాడు డెల్మర్, పుట్టినప్పటి నుంచీ ఈ కొండల్లో బతికినవాడు.

కొండలన్నీ ఎర్రమట్టి కాదని నాకు తెలుసు. ఏ దారి మట్టి ఏ రంగో బస్సు కడిగేవాళ్ళని అడగాలి. మా పర్మిట్ కిందికొచ్చే చోట్లలో అంత ఎర్రటి మట్టి రెండే చోట్ల ఉంది. ఒకటి గంధకం ఊట పైన. మరొకటి గుడ్డి గుర్రం గట్టు. ఊట బాగా ఎత్తు మీద ఉంది, ఓక్ పొదలు అంత ఎత్తు ఎక్కవు. గట్టు కింద దక్షిణం వైపంతా ఓక్ పొదలే, పశువులు తొక్కిన నేలలో ఆ గింజల మొక్కలు కుప్పలు కుప్పలు. ఊళ్ళో ఎవరూ అటు పోరు. అక్కడ నీళ్ళు లేవని పేరు. ఆ పేరు పుట్టించింది ఎవరో ఇప్పుడు ఊహించగలను.

ఇంతమంది మగవాళ్ళు మ్యాపులు, దుర్భిణీలు, ఫోన్లలో బొమ్మలు పెట్టుకుని చోటు వెతుక్కుంటారు. నేను ఉతకాల్సిన బట్టల్లో వెతుక్కున్నాను.

అక్టోబరులో వేట మొదటి రోజు తెల్లవారుజామున ఫ్రిజ్ మీద కాగితం పెట్టాను. "గుడ్డి గుర్రం గట్టు, దక్షిణం వైపు. రేపు సాయంత్రానికి వస్తా." కాపీ ఒకటి పక్కింటి మేవిస్ చేతికి ఇచ్చాను. మేవిస్ మా ఊరి కాఫీ హోటలు నడుపుతుంది. చదివి కన్ను కొట్టింది. "అబ్బో, గుడ్డి గుర్రం గట్టా! నిజం చెప్పవులే."

"నిజమే చెబుతున్నాను, దాచి పెట్టుకో" అన్నాను. నవ్వుతూ జేబులో పెట్టుకుంది.

వెలుగు వచ్చేసరికి వేటవాళ్ళు వేసుకునే నారింజ రంగు కోటులో, ఆయన ప్యాంటులో, సగం గట్టు ఎక్కాను. బూట్లకు ఎర్రమట్టి. మోకాళ్ళకు గింజలు. ప్రతి అడుగుకూ ఆయన్ని తిట్టుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ ఎక్కాను. పైన బండల మధ్య చిన్న చదును కనిపించింది. అక్కడి నుంచి పొగ వస్తోంది. వేయించిన పంది మాంసం వాసన.

రాళ్ళు పేర్చిన పొయ్యి. పొయ్యికి ఇటూ అటూ రంపంతో కోసిన రెండు చెట్టు మొద్దులు, కూర్చుని కూర్చుని నున్నగా అయిపోయినవి. ఒక మొద్దు ఖాళీ. రెండో మొద్దు మీద నా మరిది డెల్మర్. అతని చేతిలో మా అమ్మ ఇనుప పెనం.

ఆ పెనం పదకొండేళ్ళ కిందట పోయింది. మేవిస్ తీసుకుందేమోనని ఆమెతో నాలుగు నెలలు మాట్లాడలేదు. వెండెల్ నాతో పాటు మంచాల కింద కూడా దూరి వెతికాడు.

"ఎల్కులకి టిఫిన్ పెడుతున్నావా డెల్మర్?"

"వదినా!" అని లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. "నువ్వు... ఇక్కడికెలా..."

"మీ అన్నయ్య ప్యాంటు తీసుకొచ్చింది. అమ్మ మీద ఒట్టన్నావు?"

"అమ్మ పోయి చాలా ఏళ్ళయింది కదా వదినా."

"ఎన్నేళ్ళ నుంచి వస్తున్నావు ఇక్కడికి?"

పెనం కింద పెట్టాడు. "మొదటి నుంచీ. మేమిద్దరమే. ఎవరికీ చెప్పకూడదని అనుకున్నాం. అన్నయ్య పోయాక నాకిదొక్కటే మిగిలింది. నువ్వు ఒకసారి వస్తే, నీ వెనకాల ఊరంతా వస్తుంది."

"నేను ఊరా? నేను ఆయన పెళ్ళాన్ని!"

అప్పుడు నాకు ఇంకో సంగతి తట్టింది. తుపాకి చేతిలో ఉండటం మంచిది కాదనిపించి బండకు ఆనించాను.

"ఏడేళ్ళ కిందట మంచు పడ్డప్పుడు ఆయన ఇక్కడున్నాడని నీకు తెలుసు."

"అది అయిపోయిన సంగతి వదినా."

"తెలిసే పద్నాలుగు మందిని వాగు దగ్గరికి తీసుకెళ్ళావు."

"నేనేం రాయిలా కూర్చోలేదు!" డెల్మర్‌కి పౌరుషం వచ్చింది. "ఆ ఏడు నేను శనివారమే దిగొచ్చేశాను, మంచు చూసి జ్వరం పట్టినట్టయింది. మంగళవారం పొద్దున బ్యాటరీలు తెస్తానని చెప్పి ఇటొచ్చాను. కింద రోడ్డు మీద నుంచే పొగ కనిపించింది. అన్నయ్య పొయ్యే. కట్టెలున్నాయి, తిండి ఉంది, హాయిగా ఉన్నాడు. అప్పుడు నా ప్రాణం కుదుటపడింది."

"ఎన్నింటికి చూశావు?"

"పదింటికి... అటూ ఇటూగా."

మంగళవారం పొద్దున పదింటికి పాస్టరు గారు మా ఇంట్లో ఉన్నారు. ఒకవేళ శవమే దొరికితే ఏ సూటు వేద్దామని మెల్లగా అడిగారు. నేను బీరువాలోంచి వెండెల్ నల్ల సూటు తీసి ఇస్త్రీ చేశాను. కాలర్ సరిగ్గా రావడం లేదని మూడుసార్లు చేశాను. ఆ సాయంత్రం డెల్మర్ వచ్చాడు. తలుపుకి వేలాడుతున్న సూటు చూశాడు. నేను పోసిన సూపు తాగాడు. నా భుజం తట్టి, "ధైర్యంగా ఉండు వదినా" అన్నాడు.

"ఓరిన్ వాగులో పడింది ఎన్నింటికి?" అన్నాను.

"మధ్యాహ్నం... మూడింటికి."

"ఒక్క మాట చెప్పి ఉంటే పదకొండింటికి అందరూ ఇళ్ళకు పోయేవాళ్ళు."

"చెబితే పద్నాలుగు మందికీ చోటు తెలిసిపోయేది వదినా" అన్నాడు డెల్మర్. తన వైపు న్యాయం ఉందనే నమ్మకంతో అన్నాడు. "అన్నయ్య కూడా అదే అన్నాడు. మంచి పని చేశావురా అన్నాడు."

వెండెల్ ఇంటికొచ్చిన రోజు ఆ సూటు తలుపుకే ఉంది. ఏమీ అనకుండా తీసి బీరువాలో పెట్టేశాడు. పోయిన నవంబరులో అదే సూటులో పాతిపెట్టాం. మళ్ళీ ఇస్త్రీ చేయాల్సిన అవసరం లేకపోయింది.

నేను ఖాళీ మొద్దు మీద కూర్చోలేదు. ఎంతో ఆశపడి వచ్చిన చోటు అదే. కూర్చోబుద్ధి కాలేదు. తుపాకి తీసుకుని గట్టు వెంట ఇంకా పైకి, పొగ వాసన అందనంత దూరం వెళ్ళాను. కోపంతో నడిస్తే ఆయాసం తెలియదు. మధ్యాహ్నం కావస్తుండగా బండ కింద ఊట దగ్గర ఆరు ఎల్కులు కనిపించాయి. నీళ్ళు లేని గట్టు మీద నీళ్ళు! చివరగా నిలబడ్డ ఆడ ఎల్క్‌ని ఎంచుకుని, ఊపిరి బిగబట్టి, ఒకే ఒక్క గుండుతో పడగొట్టాను. దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని మెడ నిమిరి, క్షమించమన్నాను. ఆ రోజు క్షమాపణ అడిగింది నేనొక్కదాన్నే.

పర్మిట్ కాగితం దాని కాలికి కట్టి, కోసి, మాంసం సంచుల్లో సర్ది, క్యాంపుకు తిరిగి వచ్చాను.

"లే. మోయి."

"మొత్తం నేనేనా వదినా? నా నడుం..."

"నాలుగు కాళ్ళు. నాలుగుసార్లు. ఏడేళ్ళ కిందట ఓరిన్‌ని వాగు నుంచి రోడ్డు దాకా ఎంతమంది మోశారో లెక్కపెట్టుకుంటూ మోయి."

మోశాడు. నేను గుండెకాయ, వీపు మాంసం, మా అమ్మ పెనం మోశాను. దారి పొడుగునా బతిమాలుతూనే ఉన్నాడు. "ఎవరికీ చెప్పకు వదినా. అన్నయ్య ఆత్మ క్షోభిస్తుంది."

"మీ అన్నయ్య ఆత్మకి నీ దగ్గర సెలవు కూడా దొరకట్లేదు" అన్నాను.

మర్నాడు పొద్దున మేవిస్ హోటలుకి వెళ్ళాను. డెల్మర్ ముందే వచ్చి కూర్చున్నాడు, నేనేం చెబుతానోనని కాపలాకి. లోపల పదిహేను మందైనా ఉంటారు. కిటికీ దగ్గర ఓరిన్, ఒక కాలు బల్ల కిందికి చాపుకుని గుడ్లు తింటున్నాడు.

"కొట్టావటగా ఆర్డిత్!" మేవిస్ కాఫీ పోస్తూ గట్టిగా అంది. "ఎక్కడ కొట్టావేంటి?"

అందరూ నా వైపు తిరిగారు. మర్యాదకు అడిగారు. మర్యాదకు అబద్ధం చెప్పాలి. నేను కప్పు కింద పెట్టి లేచి నిలబడ్డాను.

"గుడ్డి గుర్రం గట్టు మీద. దక్షిణం వైపు నుంచి ఎక్కి, బండల మధ్య చదును దాటి, ఇంకో అరగంట పైకి వెళ్తే ఊట ఉంది. వెండెల్ చోటు అదే. ఏడేళ్ళ కిందట మీరు వాగు దగ్గర వెతుకుతున్నప్పుడు ఆయన అక్కడున్నాడు. డెల్మర్‌కి తెలుసు. మంగళవారం పొద్దున పదింటికి ఆయన పొగ చూసొచ్చి, మీకు చెప్పకుండా ఇంకా వెతికించాడు."

హోటలంతా పగలబడి నవ్వింది.

"వెండెల్ పెళ్ళాం అనిపించుకున్నావు!"

"గుడ్డి గుర్రం గట్టు మీద ఊటట! చెవిలో పువ్వులు పెట్టడం ఈవిడని చూసి నేర్చుకోవాలి!"

"రంపం మిల్లు వాగే అయ్యుంటుంది, రేపే పోదాం పదండ్రా!"

మేవిస్ కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. డెల్మర్ కూడా నవ్వాడు, అందరికంటే గట్టిగా. నిలబడ్డదాన్ని నిలబడ్డట్టే ఉండిపోయాను. నా జీవితంలో అంత నిజం ఎప్పుడూ చెప్పలేదు, అంత అవమానమూ పడలేదు.

ఓరిన్ మాత్రం నవ్వలేదు. ఫోర్కు పక్కన పెట్టి, డెల్మర్ బూట్ల వైపు చూస్తున్నాడు. బండి కడిగాడు గానీ బూట్లు కడగలేదు. మడమల నుంచి చీలమండల దాకా ఎర్రగా ఎండిపోయిన మట్టి.

"డెల్మర్," అన్నాడు ఓరిన్ మెల్లగా, "ఈ ఎర్రమట్టి ఎక్కడిది?"

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. డెల్మర్ కాళ్ళు రెండూ కుర్చీ కిందికి లాక్కున్నాడు.